ఆమెన్ తర్వాత పావుగంట

బండలు కోసే చోట పనిచేసినవాళ్ళకు తెలుసు, రంపపు పళ్ళచక్రం నీళ్ళలో వట్టిగా తిరుగుతున్నప్పుడు ఒక మోత, రాయిలోకి దిగాక ఇంకొక మోత. ఆ రెండింటి మధ్య, పళ్ళు రాతి అంచును మొదటిసారి తాకే చోట, రెప్పపాటు కాలం ఒక గీరుడు చప్పుడు వినిపిస్తుంది. కోపంగా మొదలై, మధ్యలో మనసు మార్చుకుని, ఒకే స్వరం మీద నిలబడిపోతుంది. పోయిన నెల మా ప్రార్థన మందిరం నేలకు బండలు చూడడానికి వికారాబాద్ నుంచి తాండూరు వెళ్ళినప్పుడు, జబ్బార్ భాయ్ యూనిట్ గేటు దాటుతుండగానే ఆ గీరుడు చెవిన పడింది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఎడమచేతి వేళ్ళు గిటారు మెడను పట్టుకున్నట్టు వాటంతట అవే ముడుచుకున్నాయి.

"ఏమైంది పాస్టర్ సాబ్, గట్ల నిలబడ్డరు? కంట్ల దుమ్ము పడ్డదా?" అన్నాడు జబ్బార్ భాయ్. పాతికేళ్ళ కిందట నేను ఆ యూనిట్లోనే సూపర్‌వైజర్‌గా చేశాను. అప్పుడు యజమాని వాళ్ళ నాన్న.

"ఏం లేదు భాయ్. ఒక పాట యాదికొచ్చింది."

"గీ మిషన్ల పాటా?" అని నవ్వాడు. "పుట్టినప్పటి సంది వింటున్న. నాకైతే చెవుడు తప్ప ఏం రాలే."

నిజంగా అది పాటే. ఇంగ్లండులో, వాయించడం సరిగా రాని కుర్రాళ్ళు కూడా గిటార్లు పట్టుకుని వేదికలెక్కి అరవడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో, దానికి పంక్ అని పేరు పడుతున్న కాలంలో, ఎవరూ పట్టించుకోని ఒక చిన్న బృందం పాట. అది తాండూరులో ఒక రిటైరైన నర్సు చేతుల మీదుగా నాదాకా వచ్చింది. ఆమె నాకు గిటారు నేర్పింది. రోగి పక్కన ఎలా కూర్చోవాలో నేర్పింది. ఆ గిటారును ఆమె చేతుల్లోంచి తీసేయించినవాణ్ణి నేనే. ప్రభువును నమ్ముకుని బతుకుతున్నవాణ్ణి. పద్దెనిమిదేళ్ళుగా ప్రసంగం చేస్తున్నాను. ఎవరికి ఏ సందేహం వచ్చినా లేఖనం తెరిచి జవాబు వెతికి ఇస్తాను. ఆ రోజు నేను చేసింది న్యాయమా, అన్యాయమా అన్న దానికి మాత్రం నాకింకా జవాబు దొరకలేదు. దొరికిందని కాదు, దొరకలేదనే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు సలోమి. ఊరంతా సిస్టరమ్మ అనేది. వికారాబాద్ గుట్ట మీది టీబీ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి, రిటైరయ్యాక సొంత ఊరు తాండూరు వచ్చి, స్టేషను వెనక రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉండేది. తెల్ల చీర, నూనె రాసి బిగించి దువ్విన జుట్టు, కొంగు మీద పిన్నుతో తలకిందులుగా వేలాడే చిన్న గడియారం. నాడి చూసే గడియారమది. రిటైరైనా తీయలేదు. నేను ఇరవై రెండేళ్ళకు, రెండేళ్ళ బైబిలు శిక్షణ ముగించుకుని, ఆ బండల యూనిట్లో పని దొరికి తాండూరు చేరినప్పుడు, మొదటి ఆదివారమే ఆమెను చూసి ఆశ్చర్యపోయాను. అరవై ఏళ్ళ ఆడమనిషి మందిరంలో ముందు బల్ల మీద కూర్చుని గిటారు వాయిస్తోంది. ఆడవాళ్ళ వైపు కూర్చున్న పిల్లలు నవ్వడం లేదు. ఆ ఊరికి అది అలవాటైన సంగతి.

నేను నేర్పమని అడిగాను. మొదటి రోజు ఆమె అడిగింది ఒకటే.

"చేతులు కడుక్కున్నవా?"

"ఇంటికాడ కడుక్కున్న సిస్టరమ్మా."

"ఇంటికాడిది ఇంటికాడనే పోయింది. పో, కడుక్కో."

సబ్బుతో మోచేతుల దాకా కడిగించి, ఒకే ఒక్క స్వరసమూహం పట్టించి, వారం పాటు అదే వాయించమంది. విసుగొచ్చి వేగం పెంచితే, వాయిస్తుండగానే నా మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి, కొంగు మీది గడియారం వైపు చూసేది. "పాట నడుస్తున్నది. నీ నాడి ఉరుకుతున్నది. ఇద్దర్ల ఎవరో ఒకరు అబద్ధం చెప్తున్నరు ప్రేమూ," అనేది. నా పూర్తి పేరు ప్రేమానందం. ఆమె ఒక్కతే ప్రేమూ అనేది. ఆమె లెక్కలో ప్రతి పాటకూ ఒక నాడి ఉంది. ఆరాధన పాటలు పడుకున్న మనిషి నాడి. పెళ్ళి పాటలు మెట్లెక్కి వచ్చిన మనిషి నాడి. "జొరమొచ్చినోని నాడి కూడ ఒకటుంటది, అది నీకు ఇప్పుడే వద్దు," అంది ఒకసారి. అదేమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు.

గిటారు కన్నా ఆమె పెద్ద పని క్యాసెట్లది. ఆదివారం ప్రసంగాన్ని, అది చెప్పే పుల్పిట్ పక్కన టేప్‌రికార్డరు పెట్టి రికార్డు చేసి, మందిరానికి రాలేని ఐదుగురికి సోమవారం మోపెడ్ మీద వెళ్ళి ఇచ్చేది. కొత్త క్యాసెట్లు కాదు. ఇళ్ళలో పాతబడ్డవి కానుకగా తెచ్చి ఇస్తే మళ్ళీ రికార్డయ్యేలా వాటి వెనక ఉండే రెండు చిన్న గుంటలకు సెల్లోటేపు అంటించి, పాత పాటల మీదే ప్రసంగం ఎక్కించేది. మా అప్పటి పాస్టరయ్య అరగంట దాటేవాడు కాదు. క్యాసెట్ ఒక వైపు ముప్పావుగంట. మిగిలిన పావుగంటలో పాతది ఏముంటే అది బతికే ఉండేది. పశ్చాత్తాపం గురించి ప్రసంగం విని కళ్ళు తుడుచుకుంటున్న ఒక ముసలాయన ముందు, ఆమెన్ అన్న వెంటనే పెళ్ళి బ్యాండు మోగిందని, ఆయన ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే తల ఊపాడని సంఘంలో చెప్పుకుని నవ్వుకునేవారు. అందుకని సిస్టరమ్మ ఆ పావుగంటను కూడా ఖాళీ చేసేది. దానికో పద్ధతి ఉంది. రికార్డింగు బటన్ ఊరికే నొక్కితే గదిలో చప్పుడంతా టేపులోకి పోతుంది. అందుకని, పాడైపోయిన ఒక హెడ్‌ఫోను వైరును కత్తిరించి, దాని పిన్ను మైకు రంధ్రంలో గుచ్చేది. అప్పుడు లోపలి మైకు మూగబోయి టేపులోకి వట్టి నిశ్శబ్దం ఎక్కుతుంది. ఆ వైరు ముక్క పుల్పిట్ పక్కన మేకుకు వేలాడుతుండేది. దీన్ని ఆమె డ్రెస్సింగ్ అనేది. "పుండును సగం కడిగి పట్టి కడ్తరా?" అనేది.

ఒక సోమవారం ఆమె మోపెడ్ పంక్చరైంది. రైల్వే గేటు అవతలి బస్తీలో ఉండే దానమ్మకు క్యాసెట్ ఇచ్చి రమ్మని నన్ను పంపింది. దానమ్మకు పక్షవాతంతో కుడివైపంతా పోయింది. మాట ముక్కలు ముక్కలుగా, ఒక్కో ముక్కకు శ్వాస తీసుకుంటూ వచ్చేది. కోడలు బండల పనికి పోతే పొద్దంతా మంచం మీద ఒక్కతే. నేను క్యాసెట్ పెట్టి ఆమెతో పాటు కింద కూర్చుని విన్నాను. ప్రసంగం ముగిసింది, ప్రార్థన ముగిసింది, ఆమెన్. ఆపడానికి చెయ్యి చాపాను.

"ఆగు కొడుకా. ఇంక... ఉన్నది."

టక్కుమని ఒక చప్పుడు. అప్పుడు వచ్చింది ఆ గీరుడు, రాతి అంచున చక్రం పడినట్టు. దాని వెనకే రెండు గిటార్లు, పరుగెత్తే డప్పు లాంటి డ్రమ్ము, వాటి మీద గొంతు చించుకుంటున్న ఒక కుర్రవాడి అరుపు. దానమ్మ కళ్ళు మూసుకుంది. మంచిగున్న ఎడమచేతి వేళ్ళు గొంగడి మీద ఆడుతున్నాయి.

"అవ్వా, ఇదేంది?"

"ఆత్మ... దిగిండు గా పిలగాని మీద. అన్యభాషలు. నాకు నోరు... తిరుగుతలేదు కదా. నా బదులు... ఆయన మొరవెడుతుండు."

మా సంఘంలో ఆత్మ పూని, తమకే తెలియని భాషల్లో బిగ్గరగా ప్రార్థించేవాళ్ళు ఉన్నారు. చదువు లేని దానమ్మకు ఇంగ్లీషు ఎలా ఉంటుందో తెలియదు. ప్రసంగం తర్వాత, ఆమెన్ తర్వాత, తెలియని భాషలో ఎవరో గుండె పగిలేలా అరుస్తుంటే ఆమె దాన్ని ఏమని అనుకోవాలి? నాకు కోపం వచ్చింది ఆమె మీద కాదు. ఆ కోపంతోనే క్యాసెట్ తీసుకుని, సైకిలు తొక్కుకుంటూ సిస్టరమ్మ ఇంటికి వెళ్ళాను.

ఆమె గడపలో కూర్చుని చాటలో కందిపప్పు ఏరుతోంది.

"సిస్టరమ్మా, దానమ్మవ్వ టేపుల ఏదో ఉన్నది."

"ఉన్నది," అంది, చాట మీంచి తల ఎత్తకుండా.

"మీరు ఖాళీ చేసుడు మర్చిపోయిన్రు."

"మర్చిపోలే."

చాటతో సహా లేచి నన్ను లోపలికి పిలిచి, నా చేతిలోని క్యాసెట్ తీసుకుని తన టేప్‌రికార్డరులో పెట్టి, ఆ పావుగంట మొత్తం వినిపించింది. నేను విననన్నాను. "తిట్టేటందుకన్నా విను," అంది. గుట్ట మీది ఆసుపత్రిలో ఎక్స్‌రే మిషను బాగుచేయడానికి ఇంగ్లండు నుంచి ఒక కుర్రాడు వచ్చాడట. వచ్చిన నెలకే కామెర్లు పట్టి మంచాన పడితే ఆమె సేవ చేసింది. అతని అన్న ఆ బృందంలో గిటారు వాయించేవాడు. ఒకే ఒక్క రికార్డు వేశారట. పెద్ద బృందాలు వేదిక ఎక్కేముందు వీళ్ళను ఎక్కిస్తే, జనం ఎప్పుడు దిగిపోతారా అని చూసేవారట, సీసాలు విసిరేవారట. రెండేళ్ళకు ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఆ తమ్ముడు వెళ్ళిపోతూ గిటారునూ, ఆ క్యాసెట్‌నూ ఆమెకు ఇచ్చి వెళ్ళాడు. నలభై దగ్గర పడుతున్న నర్సు, ఆసుపత్రి క్వార్టర్లో, అది విని విని గిటారు నేర్చుకుంది. బృందం పేరు కూడా చెప్పింది. ఆ పేరు నా చెవిలో నిలవడమే అపవిత్రం అనుకుని కావాలనే పట్టించుకోలేదు. ఇప్పుడు ఎంత గుర్తుచేసుకున్నా రావడం లేదు.

"గా మొద్దు గిటారు విను. గదే వాళ్ళ అన్న వాయించేది," అంది. "ఒక్క తాన్నే నిలబడ్డది, కదలదు. కావలి కాస్తున్నది. రెండోది సూడు, ఇల్లు ఇడిచిపోత ఇడిచిపోత అని గడప దాక పోతది, మళ్ళ వస్తది. ఎవ్వలు మెచ్చుకోరు కావలి కాసేటోన్ని. నేను ఆసుపత్రిల గదే పని చేసిన."

ప్రతి పాట మధ్యలోనూ వాళ్ళంతా ఒక్కసారిగా ఆగిపోయేవారు. నాలుగు శ్వాసల సేపు ఏమీ ఉండదు. మళ్ళీ అందుకునేటప్పుడు మాత్రం కలిసి రారు. ఒకడు ముందు, ఒకడు ఒక అర రెప్ప వెనుక.

"సూసినవా? తప్పు పోయింది. పేరున్నోల్లయితే మళ్ళ వాయించి సరిజేస్తరు. వీళ్ళు గట్లనే ఉంచిన్రు. వీళ్ళకు వాయించ రాదు ప్రేమూ. రాదని దాచుకోలే."

ఇన్నేళ్ళు గిటారు పట్టినవాడిగా ఇప్పుడు చెప్పగలను, ఆమె చెప్పింది నిజం. కదలకుండా ఒకే చోట నిలబడి, ఒకే బరువుతో వాయించడం పది స్వరాల మీద పరుగెత్తడం కన్నా కష్టం. ఆ కాలపు పేరున్న బృందాల పాటలు తర్వాత ఎవరెవరో వినిపించారు. అందరికీ కోపం ఉంది. ఆగడం మాత్రం వీళ్ళొక్కరికే తెలుసు. ఆ రోజు నాకు ఇవేవీ తెలియవు. నాకు కావలసింది ఒకటే.

"ఏం పాడుతుండు?"

"ఒక దాంట్ల బస్సు రాలేదంటడు. ఒక దాంట్ల రూముల సలి అంటడు. చివరి దాంట్ల తలుపు కొడుతుండు. లోపల ఎవరన్న ఉన్నరా, ఎవరన్న ఉన్నరా అని. గదే మాట."

"ఎవర్ని అడుగుతుండు? దేవుణ్ణా?"

"ఇంటి ఓనర్ని అనుకుంట," అని ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె కూడా ఆపేసి, "నాకు తెల్వదు ప్రేమూ. గా పిలగాడు చెప్పలే," అంది.

"దానమ్మవ్వ అది ఆత్మ అనుకుంటున్నది. మీరు కాదని చెప్పలే."

"మొదటిసారి కరెంటు పోయి ఖాళీ చెయ్యలేకపోయిన. మళ్ళ వారం చెరుపుదామనే కూసున్న. అంతల ఆమె అడిగింది, గా పిలగాడు మంచిగున్నడా అని. చేతులు రాలే."

"అబద్ధం కాదా సిస్టరమ్మా?"

"నేనేం చెప్పలేగదా."

"చెప్పకపోవుడు కూడ..."

"ఎరుక," అంది. చాటలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టింది. "నువ్వు చెప్పు మరి. అదేందో నీకైతే ఎరుకే కదా."

ఎత్తిపొడుపా, నిజంగానే అడిగిందా? పాతికేళ్ళుగా ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నాను. ఇంకొకటి కూడా తేలదు. క్యాసెట్లకు కరువు వచ్చినప్పుడు తన ప్రాణంలాంటి ఆ టేపును ఆమే తీసి ఇచ్చింది. అందులో అరగంట పాటల మీద ప్రసంగం ఎక్కించింది కూడా ఆమే. అది ప్రభువుకు ఇచ్చుకున్న కానుకా, ప్రసంగం వెనక దాచుకున్న దొంగ వస్తువా?

నేను ఈ సంగతి సంఘ పెద్దల ముందు పెట్టాను. మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక జంపఖానా మీద అందరూ కూర్చున్నారు. నేను లేచి నిలబడి పదకొండు చోట్ల నుంచి లేఖనాలు చూపించాను. ఒక్కటి కూడా తప్పుగా చెప్పలేదు. ఈ రోజు చూసినా అవన్నీ సరైనవే. సంఘ పెద్ద యాకోబు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవాడు, మెత్తని మనిషి. ఆయనకు ఈ పంచాయితీ ఏమాత్రం ఇష్టం లేదు.

"సిస్టరమ్మా, మీరంటే మాకు గౌరవమే. గీ కూసున్నోల్లందరికి ఇంజక్షన్ ఇచ్చింది మీరే. గానీ లోకపు పాటను ఆత్మ అని నమ్మిస్తే ఎట్ల?"

"నేను నమ్మించలే యాకోబన్నా."

"నమ్ముతుంటే సూసిన్రు కదా."

"సూసిన," అంది ఆమె.

ఆ ఒక్క మాటతో అయిపోయింది. క్యాసెట్ల పనీ, మందిరంలో గిటారు వాయించడమూ నాకు అప్పగించారు. ఆ పావుగంట చెరిపెయ్యమన్నారు. దానమ్మకు నిజం చెప్పే బాధ్యత కూడా నాదే.

శనివారం మధ్యాహ్నం మందిరం తాళం తీసి సిస్టరమ్మ వెనక బల్ల మీద కూర్చుంది. నేను టేపును ఆమెన్ దాకా తిప్పి, రెండు బటన్లూ కలిపి నొక్కి, పుల్పిట్ ముందు మోకరించి కళ్ళు మూసుకున్నాను. పవిత్రమైన పని చేస్తున్నానన్న వేడి ఒంట్లో ఉంది. ఆ తొందరలో మేకుకు వేలాడే వైరు ముక్క తీసి గుచ్చడం మరిచిపోయాను. మరిచిపోయానని కూడా నాకు తెలియదు. వెనక నుంచి బల్ల చెక్క మీద ఆమె వేళ్ళ కణుపులు తగులుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. వయసు మీద పడినవాళ్ళ అసహనం అనుకున్నాను. ప్రార్థన మధ్యలో ఇదేమిటని నొచ్చుకున్నాను కూడా. బటన్ టక్కుమని పైకి లేచాక చూస్తే, ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది సిస్టరమ్మా."

"సరే. తాళమెయ్యి."

దానమ్మకు నేనే చెప్పాను. "అవ్వా, అది భాషలు కాదు. ఇంగ్లీషు పాట. లోకపు పాట." ఆమె నా ముఖంలోకి చూసింది. "గట్లనా," అని, "గా పిలగాడు... బతికే ఉన్నడా?" అని అడిగింది. తెలియదన్నాను. అదే క్యాసెట్, వారం వారం కొత్త ప్రసంగం ఎక్కించుకుని, ఆమెకు వెళ్తూనే ఉంది. నేను వినిపించేటప్పుడు ఆమెన్ దగ్గర ఆపేసేవాణ్ణి. ఇంట్లో కోడలు పెట్టినప్పుడు చివరిదాకా తిరిగేది. ఒక సోమవారం దానమ్మ నా చొక్కా అంచు పట్టుకుని లాగింది. "ఇప్పుడు గా పిలగాని ఒర్రుడు లేదు కొడుకా. ఎవరో... తలుపు కొడుతున్నరు." రోగం తలకెక్కిందనుకున్నాను. చెయ్యి పట్టుకుని, ఆమె బుద్ధిని కాపాడమని ప్రార్థన చేశాను. వానలు పడక ముందే ఆమె ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. చివరి రోజుల్లో మనసు కలత పడిందని సంఘంలో చెప్పింది నేనే.

సిస్టరమ్మ నాకు నేర్పడం మాత్రం ఆపలేదు. మరుసటి సోమవారమే, "చేతులు కడుక్కున్నవా?" అని అడిగింది. ఏడాది తర్వాత పెద్దలు గిటారు మళ్ళీ పట్టమంటే, వేళ్ళు పోయాయని చెప్పి తన గిటారు నాకే ఇచ్చేసింది. ఆ వేళ్ళతో అదే వారం ఒక పసిబిడ్డ పాదంలో కనిపించని ముల్లు తీయడం నేను చూశాను. నేను వికారాబాద్ వచ్చి సంఘ కాపరినయ్యాక, ముసలితనంలో ఆమె కూడా ఇక్కడికే, చెల్లెలి కూతురు రూతు ఇంటికి చేరింది. ఒకనాడు, రూతు బయటికి వెళ్ళినప్పుడు, ధైర్యం చేసి అడిగాను.

"సిస్టరమ్మా, అప్పుడు నేను చేసింది తప్పా?"

ఆమె నా మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టింది. కొంగు మీది గడియారం వైపు చూసింది. అది ఆగిపోయి ఏళ్ళవుతోంది. పెదవులు కదుపుతూ లెక్కపెట్టి, "మస్తు ఉరుకుతున్నది. జర నిమ్మలం," అంది. అంతే.

ఆమె పోయింది పోయిన ఏడాది కాక ముందటి ఏడాది. రూతు ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో ఆ గడియారం, ఆ వైరు ముక్క, దానమ్మ పేరు రాసిన ఆ క్యాసెట్. వినడానికి నా దగ్గర పరికరం లేదు, వెతకాలనీ అనిపించలేదు. ఏముంటుంది అందులో? పాత ప్రసంగం, దాని తర్వాత నేను చెరిపిన ఖాళీ.

పోయిన నెల ఆ రంపం గీరుడు విన్నాక నిలవలేకపోయాను. జబ్బార్ భాయ్‌ను అడిగితే, "మా అబ్బాజాన్ టేపున్నది. ఖవ్వాలీలు వింటుండె పాపం. నడుస్తది," అన్నాడు. వారం తర్వాత బండలు లారీకెక్కించే రోజున క్యాసెట్ జేబులో పెట్టుకుని వెళ్ళాను. మధ్యాహ్నం భోజనానికి మిషన్లన్నీ ఆపారు. ఆఫీసు గదిలో జబ్బార్ భాయ్ టిఫిను విప్పుకున్నాడు. కాలం చేసిన మా పాస్టరయ్య గొంతు అరగంట సేపు ఆ రాతి దుమ్ము గదిలో పలికింది. జబ్బార్ భాయ్ నమలడం ఆపి, మర్యాదగా తల వంచుకుని విన్నాడు. ఆమెన్. టక్కుమంది.

ఖాళీ లేదు. గది ఉంది. ఆ మధ్యాహ్నపు మందిరం, పైకప్పు కింద పావురాలు, దూరంగా గూడ్సు బండి, నా ప్రార్థన గుసగుస. వైరు ముక్క గుచ్చలేదని అప్పుడు తెలిసింది. ఆ గుసగుస కింద, చెక్క మీద కణుపుల చప్పుడు. మొదట అర్థం కాలేదు. ఒక చెయ్యి ఒకే చోట, ఒకే బరువుతో, కదలకుండా కొడుతోంది. రెండో చెయ్యి దూరం పోయి తిరిగి వస్తోంది. జొరమొచ్చినోని నాడి. అంతలో రెండూ ఆగాయి. నాలుగు శ్వాసలు లెక్కపెట్టాను. మళ్ళీ అందుకున్నప్పుడు ఒక చెయ్యి ముందు, ఒకటి అర రెప్ప వెనుక. తప్పును కూడా విడిచిపెట్టలేదు సిస్టరమ్మ. నేను ఆ పాటలను చెరుపుతున్న పావుగంట సేపూ, ఒక్కొక్క పాటనూ వరసగా, నా వెనకే కూర్చుని తిరిగి ఎక్కించింది. మైకు తెరిచి ఉందని నాకు తెలియదు. ఆ పని ఏళ్ళ తరబడి చేసిన ఆమెకు తెలియకుండా ఉంటుందా?

జబ్బార్ భాయ్ చెయ్యి కడుక్కోకుండానే లేచాడు.

"ఎవరో తలుపు కొడుతున్నరు సాబ్."

అతను వెళ్ళి తలుపు తీశాడు. తెల్లటి ఎండ, బండల దొంతరలు, లారీ కింద పడుకున్న కుక్క. అటూ ఇటూ చూసి, "ఎవ్వలు లేరు," అంటూ వచ్చి కూర్చున్నాడు. టేపులో తట్టడం ఇంకా వినిపిస్తూనే ఉంది. చివరి పాట మధ్యలో టేపు అయిపోయింది. అసలు క్యాసెట్లోనూ ఆ పాట అక్కడే తెగిపోయేది. అది ఎలా ముగుస్తుందో నాకు ఎప్పటికీ తెలియదు.

దానమ్మ బుద్ధి చివరి వరకూ సరిగ్గానే ఉంది. ఆదివారం సాయంత్రం ఆ మాట అక్కడి సంఘానికి చెప్పాలని తాండూరు వెళ్ళాను. చెప్పాను. ఆమెను ఎరిగినవాళ్ళు ఇద్దరే మిగిలారు, ఇద్దరూ తల ఊపారు. మిగతాది ఎలా చెప్పాలో తెలియలేదు. నమ్మినామెకు నిజం చెప్పకపోవడం తప్పే. మళ్ళీ ఆ జంపఖానా మీద నిలబెడితే ఆ పదకొండు లేఖనాలూ మళ్ళీ చెబుతానేమో. మరి నేను చెరిపిన దాన్ని సిస్టరమ్మ కణుపులు అరిగేలా ఎందుకు నిలబెట్టింది? నా మీద కోపమా? మంచం మీది మనిషికి నేను దూరం చేసినదాన్ని తనకు చేతనైన తీరున తిరిగి ఇచ్చిందా? అది కూడా ప్రార్థనేనా? ప్రభువును అడుగుతున్నాను. మోకరించి అడుగుతున్నాను. కొత్తగా పరిచిన తాండూరు బండ మోకాళ్ళకు చల్లగా తగులుతుంది. కాసేపటికి నా కణుపులు ఆ రాతి మీద ఆడుతుంటాయి, టేపు తెగిన చోటికి వచ్చి ఆగిపోతాయి.

ఇప్పుడు మా ప్రసంగాలను రూతు ఫోనులో రికార్డు చేసి, రాలేనివాళ్ళకు పంపుతుంది. మొన్న ఆదివారం ప్రసంగం అయ్యాక, ముగింపు పాటకు ముందు వచ్చి అడిగింది, "అయ్యగారూ, ఆమెన్ కాడ కట్ చెయ్యాల్నా?"

"వద్దమ్మా. జర ఉండనీ."

"ఎంతసేపు?"

గిటారు అందుకున్నాను. ముగింపు పాట, పడుకున్న మనిషి నాడిలో, మెల్లగా. సంఘమంతా కలిసి పాడుతున్నారు. వాయిస్తూ వాయిస్తూ ఒక క్షణం ఆపి, నా మణికట్టు మీద నేనే రెండు వేళ్ళు పెట్టుకుని చూసుకున్నాను. పాట నడుస్తోంది. నాడి మాత్రం ఉరుకుతూనే ఉంది.